బకెట్ నీళ్లలో సైన్సు: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: నమస్కారం. చిన్నపిల్లలకు సైన్సు ఎట్ల చెప్పాలనేదే ఈరోజు మాట. చంద్రగిరి చుట్టుపక్కల పల్లె బడుల్లో ముప్పై ఏళ్లకు పైగా చదువు చెప్పి రిటైరైన టీచరమ్మ మన స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోను పలమనేరు దగ్గర్నుంచి. చెప్పండి సార్.

శ్రోత: నమస్తే మేడమ్. మాది సింగిల్ టీచర్ బడి. ఒకటి నుంచి ఐదు దాకా అంతా కలిపి 19 మంది. పరిసరాల విజ్ఞానం మూడో తరగతి నుంచే కదా, వాళ్లకు చెప్తా ఉంటే ఒకటో తరగతోళ్లు గలాటా. కిట్టూ గిట్టూ ఏమీ లేదు. ఏం చేసేది?

టీచరమ్మ: బకెట్ ఉందా సార్?

శ్రోత: ఉండాది.

టీచరమ్మ: ఇంగేం. అందర్నీ దాని చుట్టూ కూర్చోబెట్టండి. చింతగింజ, చెనిక్కాయ, సుద్దముక్క, తాళంచెవి, కమలాపండు, ఏది చేతికందితే అది. నీళ్లలో వేసే ముందే తేలుతుందా, మునుగుతుందా అని ప్రతి బిడ్డా చెప్పాల. చిన్నోళ్లు చెయ్యెత్తితే చాలు, మూడో తరగతి నుంచి పైవాళ్లు పలక మీద రాయాల. రాసినాక మాట మార్చేదానికి లేదు, అందుకే అందరి కళ్లూ బకెట్ మీదే ఉంటాయి. కమలాపండు తేలుతుంది. అదే పండు తొక్క వొలిచి వేయండి, మునుగుతుంది. బరువు తగ్గింది కదా, మరెందుకు మునిగింది? ఐదో తరగతోళ్లను ఆ ప్రశ్న దగ్గర వదిలేయండి. తొక్కలో గాలి ఉందనే మాట వాళ్ల నోట రావాల, మీ నోట కాదు.

శ్రోత: రాకపోతే?

టీచరమ్మ: తొక్క చీల్చి లోపల చూడమనండి. తెల్లగా బెండు మాదిరి ఉంటుంది. అప్పటికీ రాలేదా, రేపటికి పెట్టుకోండి. పండు ఎటూ పిల్లలే తినేస్తారు, ఇంకోటి తెచ్చుకోవాల్సి వస్తుంది, అంతే.

వ్యాఖ్యాత: మీరు మొదట్నుంచీ ఇట్లనే చెప్పేవాళ్లా అమ్మా?

టీచరమ్మ: యాడ! కొత్తలో బోర్డు మీద 'కర్ర తేలును, రాయి మునుగును' అని రాసి, పదిసార్లు కాపీ రాయించినా. మర్నాడు ఒక పాప వాళ్లవ్వ పెట్టెలోంచి ఎర్రచందనం బొమ్మ తెచ్చింది. జానెడుంటుంది, ముక్కు అరిగిపోయింది. 'టీచర్, ఇదీ కర్రే కదా' అని బకెట్లో వదిలింది. బుడుంగుమని అడుక్కి పోయి పడుకుంది. శేషాచలం కొండల కింద ఉద్యోగం చేస్తా, ఆ కొండ కర్ర నీళ్లలో మునుగుతుందని నాకు తెలీదు! చెవులు వేడెక్కిపోయినాయి. పాప మాత్రం నా మొహం చూడనే లేదు. బొమ్మను తీసి మళ్లీ తలకిందులుగా వేసి చూస్తోంది. బోర్డు మీద రాసింది ఆమె చేతనే తుడిపించినా.

వ్యాఖ్యాత: పలమనేరు సార్, ఆ కర్ర కోసం మీరు కొండెక్కేరు, కేసవుతుంది. తర్వాతి ఫోను తిరుపతి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: టీచర్, మా పాప నాలుగో తరగతి చదువుతా ఉంది. 2025 సెప్టెంబరు 7న చంద్రగ్రహణానికి కొండ మీద గుడి మూసినారు కదా, ఎందుకని అడిగింది. మా అత్తేమో రాహువు మింగుతాడని చెప్పింది, నేను నీడ అన్నా. మీ ఇద్దర్లో ఎవరిది అబద్ధం అని అప్పట్నుంచీ ఒకటే పట్టు.

టీచరమ్మ: అత్తగారితో పోటీ వద్దమ్మా, కథను కథగా ఉండనీ. తిరుమలలో గుడి మూస్తారు, శ్రీకాళహస్తిలో గ్రహణం పూటా తెరిచే ఉంటుంది. ఆచారం ఊరికొకటి, నీడ రెండూళ్లకూ ఒకటే. రాత్రి లైట్లు ఆపేసి టార్చి బల్ల మీద పెట్టు, అది సూర్యుడు. పాప తల భూమి. పుల్లకు గుచ్చిన నిమ్మకాయ చంద్రుడు. టార్చికి వీపు పెట్టి, చెయ్యి చాచి నిమ్మకాయ పట్టుకోమను. తల నీడ దాని మీద పడిందా, గ్రహణం. చెయ్యి కాస్త పైకెత్తితే నీడ తప్పిపోయి కాయంతా వెలుగుతుంది, అది మామూలు పున్నమి. చంద్రుడి దారి 5 డిగ్రీలు వాలి ఉంది గనక ప్రతి పున్నమికీ గ్రహణం రాదు. ఆ అంకె తర్వాత చెప్పొచ్చులే, ముందు చెయ్యి ఎత్తనీ, దించనీ. అత్తగారి చేతికీ ఒకసారి ఆ నిమ్మకాయ ఇవ్వమ్మా.

శ్రోత: ఇస్తే ఇంగ ఆమె వదలదు టీచర్! (నవ్వు)

వ్యాఖ్యాత: సూళ్లూరుపేట నుంచి ఒక బాబు లైన్లో ఉన్నాడు. ఏం చదువుతున్నావు నాయనా?

బాబు: ఐదో తరగతి సార్. టీచర్, రాకెట్ పోయేటప్పుడు మేం మిద్దె మీద నుంచి చూస్తాం. ముందు వెలుగు కనపడింది, సౌండు బాగా లేటుగా వచ్చింది. ఎందుకు?

టీచరమ్మ: ఎంత లేటు?

బాబు: నేను లెక్కపెట్టినా. అరవై ఆరు.

టీచరమ్మ: అబ్బ! ఎవరు చెప్పినారు లెక్కపెట్టమని?

బాబు: ఎవరూ చెప్పలేదు.

టీచరమ్మ: వెలుగు రెప్ప కొట్టేలోపల వచ్చేస్తుంది. సౌండు నడిచొచ్చే చుట్టం, సెకనుకు సుమారు 340 మీటర్లే. అంటే మూడు సెకన్లకు ఒక కిలోమీటరు అనుకో. ఇప్పుడు అరవై ఆరును మూడుతో భాగించు.

బాబు: ...ఇరవై రెండు.

టీచరమ్మ: మీ మిద్దెకీ శ్రీహరికోటలో రాకెట్ లేచిన చోటికీ మధ్య ఇంచుమించు 22 కిలోమీటర్లు. టేపు లేకుండానే కొలిచేసినావు.

బాబు: మరి టీవీలో అయితే రాకెట్టు, సౌండు ఒకేసారి వస్తాయి కదా టీచర్?

టీచరమ్మ: మైకు యాడ పెట్టింటారంటావు?

బాబు: ...ఆ! రాకెట్ దగ్గర్నే! అమ్మా, మైకు ఆడే పెడతారంట...

వ్యాఖ్యాత: ఫోన్ పెట్టకుండానే పరిగెత్తినట్టున్నాడు. పుత్తూరు నుంచి మరొకరు వేచి ఉన్నారు, చిన్న విరామం తర్వాత మాట్లాడదాం.