తప్పు కొబ్బరిది కాదండీ

(తెర మీద: ధవళేశ్వరం ఆనకట్ట, కాలవలోకి నీళ్ళు వదిలే లాకులు)

నమస్కారమండీ. మా మేనత్తది కోనసీమలో ఓ లంక ఊరు. నాలుగేళ్ళ కిందట రక్తపరీక్ష చేయిస్తే ఆవిడకి కొలెస్ట్రాల్ 290 వచ్చింది. బరువు పెరుగుతోంది, అదీ పొట్ట దగ్గరే. చేతులు, కాళ్ళు మాత్రం పుల్లల్లా అయిపోయాయి. చూసినవాళ్ళందరిదీ ఒకటే మాట: "కొబ్బరి మానెయ్, పొద్దున్నే లేచి నడు." మానేసింది పాపం. కూరలో కొబ్బరి కోరు లేదు, ఆత్రేయపురం పూతరేకు ముట్టుకోలేదు. ఏడాది తిరిగినా కొలెస్ట్రాల్ దిగలేదు, పొట్ట తగ్గలేదు. పైగా వైశాఖంలో ఊరంతా ఉక్కపోతకి విసనకర్రలు పట్టుకుని కూర్చుంటే, ఆవిడ దుప్పటి ముసుగేసుకుని పడుకునేది.

థైరాయిడేమోనని, ఆ గ్రంథిని పనిచేయించే హార్మోనుకి పరీక్ష, టీఎస్‌హెచ్ చేయించాం. నార్మల్ వచ్చింది. అక్కడితో ఆగిపోయాం. ఆగకుండా ఉండాల్సింది.

(తెర మీద: శివారు పొలం, ఎండిన బోదె)

శివారు చేనుకి నీళ్ళు రాలేదంటే మధ్యలో కాలవైనా పూడి ఉండాలి, పైన లాకులైనా ఎత్తకపోయి ఉండాలి. మామూలు థైరాయిడ్ జబ్బు మొదటి రకం. మెడలోని థైరాయిడ్ గ్రంథి మొరాయిస్తుంది, దాన్ని కదిలించడానికి పైన మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి ఇంకా ఇంకా టీఎస్‌హెచ్ వదులుతుంది, రిపోర్టులో అది పెరిగి కనిపిస్తుంది. లాకుల్లాంటి పిట్యూటరీయే దెబ్బతింటే, అది రెండో రకం, టీఎస్‌హెచ్ అలా పెరగదు. నార్మల్‌గానే కనిపించొచ్చు. పక్కన ఫ్రీ టీ4, అంటే థైరాయిడ్ వదిలే హార్మోను కూడా చూస్తేనే గుట్టు బయటపడుతుంది. అత్తయ్యకి టీ4 బాగా తక్కువ.

(తెర మీద: మెదడు బొమ్మ, అడుగున బఠాణీ గింజంత గ్రంథి)

ఇదేనండీ పిట్యూటరీ. బరువు అరగ్రాము. ఇది నీరసిస్తే కొవ్వెందుకు పెరుగుతుంది? రక్తంలో తిరిగే చెడ్డ కొలెస్ట్రాల్ని కాలేయం పట్టి లోపలికి లాగేస్తుంది. అలా పట్టుకునే గ్రాహకాలు తగినన్ని ఉండాలంటే థైరాయిడ్ హార్మోను కావాలి, గ్రోత్ హార్మోను సాయమూ కావాలి. గ్రోత్ హార్మోను పిల్లల ఎదుగుదలకే అనుకుంటాం. పెద్దయ్యాకా దానికి పనుంది: పొట్ట లోపల పేగుల చుట్టూ చేరే కొవ్వుని కరిగించడం, కండ నిలబెట్టడం. అత్తయ్య పుల్లల చేతులకీ, బానపొట్టకీ కారణం అదే.

చివరికి ఒక ఎండోక్రినాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు, ఆవిణ్ణి అడిగిన మొదటి ప్రశ్న, "ఆఖరి కాన్పు ఎలా జరిగిందమ్మా?"

ఆ కాన్పు జరిగి అప్పటికి 22 ఏళ్ళు. గోదావరికి వరదొచ్చి పడవలు ఆపేశారు. కాన్పు ఇంట్లోనే. రక్తం విపరీతంగా పోయింది. బిడ్డకి పాలు పడలేదు. ఆ తర్వాత మళ్ళీ ముట్టు రాలేదు. "పీడా పోయిందనుకున్నానండీ," అంది అత్తయ్య, తల వంచుకుని.

గర్భంతో ఉన్నప్పుడు పిట్యూటరీ ఉబ్బుతుంది, దానికి తగ్గట్టు రక్తసరఫరా పెరగదు. అప్పుడు ఒక్కసారిగా రక్తం పోతే గ్రంథి చచ్చుబడుతుంది. హెరాల్డ్ షీహన్ అనే బ్రిటిష్ డాక్టరు 1937లో దీన్ని వివరించాడు. ఆయన పేరుతోనే షీహన్ సిండ్రోమ్ అంటారు.

డెల్టా వాళ్ళకి ఇంకో మాట. రక్తపింజరి కాటు తిని బతికినవాళ్ళలోనూ కొందరికి పిట్యూటరీ దెబ్బతింటుంది. కాటు మానిన ఎన్నో నెలలకి, ఏళ్ళకి బయటపడొచ్చు. వరి కోతల్లో పాము కరిచి, ఆ తర్వాత మనిషి మందగించి, పొట్ట పెరుగుతుంటే ఆ కాటు సంగతి డాక్టరుకి చెప్పి తీరాలి.

(తెర మీద: మాత్రల డబ్బా)

మందుల్లో వరస ముఖ్యం. పిట్యూటరీ దెబ్బతింటే కార్టిసాల్ అనే హార్మోనూ తగ్గొచ్చు. అది తక్కువుంటే ముందు దాని బదులు స్టెరాయిడ్ మాత్ర, ఆ తర్వాతే థైరాక్సిన్, అంటే థైరాయిడ్ మాత్ర. తిరగేస్తే ఉన్న కాస్త కార్టిసాల్ కూడా ఖర్చయిపోయి మనిషి కుప్పకూలిపోతాడు. స్టెరాయిడ్ అవసరానికి మించితే మళ్ళీ బరువే, అందుకని మోతాదు డాక్టరే తేల్చాలి. గ్రోత్ హార్మోను సూదిమందు పెద్దవాళ్ళకీ ఉంది. పొట్ట కొవ్వు, చెడ్డ కొలెస్ట్రాల్ కొంత తగ్గుతాయి. కానీ ఖరీదెక్కువ, క్యాన్సరున్నవాళ్ళకి ఇవ్వరు. అత్తయ్య అది వాడట్లేదు. మిగతా హార్మోన్లు సర్దుకున్నాక, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర తోడై, కొలెస్ట్రాల్ 190కి దిగింది. వేసవిలో దుప్పటి అక్కర్లేదు.

జ్వరమొస్తే స్టెరాయిడ్ మోతాదు రెట్టింపు చెయ్యమన్నారు. వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఆసుపత్రికెళ్ళి ఇంజెక్షను చేయించుకోవాలి. ఆ రెండు ముక్కలూ మా చెల్లి చేత రాయించుకుని, ఆ చీటీ ఫోను కవరు వెనక పెట్టుకుంది అత్తయ్య.