డబ్బా వెనక్కి వెళ్తుంది, మరి రిపోర్టు?

(తిరుపతిలో ల్యాబ్ టెక్నీషియన్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. చిత్తూరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి, పుత్తూరు నుంచి బస్సెక్కి వచ్చారు. సాయంత్రం మళ్ళీ శాంపిల్స్ చూసుకోవాల్సిన వాళ్ళూ ఉన్నారు. అందుకని నేరుగా విషయంలోకి వచ్చేస్తాను.

ఫలానా పరీక్ష కిట్ రీకాల్ అయిందని, అంటే లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచిందని తెలియగానే మనం చేసే మొదటి పని ఫ్రిజ్ తెరవడం. ఆ లాట్, అంటే ఒకే విడతలో తయారైన ఆ సరుకు, కనిపిస్తే పక్కన పెట్టి డీలర్‌కు ఫోన్ చేస్తాం. కనిపించకపోతే హమ్మయ్య అనుకుంటాం. అసలు టెన్షన్ పడాల్సింది కనిపించనప్పుడే. ఫ్రిజ్‌లో లేదంటే వాడేశామన్నమాట. ఆ రిపోర్టులు ఇప్పటికే ఎవరి ఫైల్లోనో, ఏ డాక్టర్ గారి టేబుల్ మీదనో ఉన్నాయన్నమాట.

థైరాయిడ్ హార్మోన్ తగ్గితే పెరిగే టీఎస్‌హెచ్‌ను కొలిచే కిట్‌నే తీసుకోండి. ఒక లాట్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తోందనుకుందాం. గర్భిణికి 8 రావాల్సిన చోట 3 వచ్చింది. డాక్టర్ గారు చూసి మాత్ర అక్కర్లేదన్నారు. మొదటి మూడు నెలల్లో బిడ్డకు థైరాయిడ్ హార్మోన్ తల్లి నుంచే అందాలి. కంపెనీ లేఖ వచ్చేసరికి ఆ మూడు నెలలు గడిచిపోతే? కిట్ ధరకు క్రెడిట్ నోట్ వస్తుంది, అంతే.

2017 మేలో అమెరికాలో ఏం జరిగిందో చూడండి. రక్తంలో సీసం ఎంతుందో చెప్పే ఒక పరీక్ష మీద అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. వేలికొన నుంచి తీసిన రక్తంతో ఫలితం బాగానే వస్తోంది, నరం నుంచి తీసిన రక్తంతో తక్కువ వస్తోంది. కారణం చివరికి ట్యూబు మూతలో దొరికింది. మూత రబ్బరులోంచి ఊరిన రసాయనం సీసాన్ని పట్టేసుకుంటోంది. యంత్రం బాగున్నా, టెక్నీషియన్ చెయ్యి బాగున్నా రిపోర్టు తప్పే. నాకు నచ్చింది ఆ తర్వాత వాళ్ళు చేసిన పని. ఆరేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మళ్ళీ పరీక్ష చేయించమన్నారు. డబ్బాలతో ఆగకుండా మనుషుల దాకా వెళ్ళారు.

మన దగ్గర 2017 నాటి వైద్య పరికరాల నిబంధనలు 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. ల్యాబ్ కిట్లూ వాటి కిందికే వస్తాయి. ప్రమాదం ఉందని తెలిస్తే కంపెనీయే వెంటనే సరుకు వెనక్కి తీసుకోవాలి, కారణం చెప్పాలి, అధికారులకు తెలపాలి. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఆ లేఖ కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు, అక్కడి నుంచి సబ్ డీలర్‌కు, చివరికి మనకు. బిల్లు మీద లాట్ నంబరు లేకపోతే మనం ఆ జాబితాలోనే ఉండం. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు వాట్సాప్‌లో ఎవరో ఫార్వర్డ్ చేస్తే తెలుస్తుంది.

కాబట్టి లేఖ కోసం కూర్చోకండి. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ ర్యాపిడ్ యాంటీబాడీ కిట్ల సంగతి ఎలా బయటపడింది? రాజస్థాన్‌లో అప్పటికే పాజిటివ్ అని తేలినవాళ్ళ మీద వాడి చూశారు. 5.4 శాతమే సరిగ్గా చెప్పాయని గట్టిగా అన్నారు. భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ తనూ పరీక్షించి, ఆ నెలాఖరుకు రెండు కంపెనీల కిట్లను వాపసు చేయమంది. బెంచ్ దగ్గర నిలబడినవాళ్ళు పోల్చి చూడబట్టే కదా!

మనమూ పోల్చవచ్చు. కొత్త లాట్ విప్పిన రోజు పాత లాట్‌తో చేసిన నాలుగైదు శాంపిల్స్‌ను దాని మీద కూడా నడపండి. కంట్రోల్, అంటే విలువ ముందే తెలిసిన శాంపిల్, రెండు ఎస్‌డీల (సగటు నుంచి ఒప్పుకునే తేడా) లోపలే ఉందని ఊరుకోకండి. చార్టులో వరసగా పది చుక్కలు సగటు గీతకు ఒకే పక్కన పడుతుంటే లోపలున్నా సరే, ఏదో జరుగుతోంది. పక్కనే వేలూరు సీఎంసీ ఆసుపత్రి వాళ్ళ బయటి నాణ్యతా పరీక్ష పథకం ఉంది, వాళ్ళు పంపే శాంపిల్ చేసి మన ఫలితం మిగతా ల్యాబులతో పోల్చుకోవచ్చు, చేరండి.

ఇంకో సంగతి. ప్రతి తప్పూ కంపెనీదే కాదు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన కిట్ మే నెలలో చెన్నై నుంచి బస్సు పార్సిల్‌లో వస్తుంది. బయట 40 దాటిన ఎండ. ఐస్ ప్యాక్ కరిగి అట్టపెట్టె మెత్తబడి ఉంటుంది, మనం సంతకం చేసి తీసుకుంటాం. రేపు ఫిర్యాదు చేస్తే, ‘మీరే సరిగ్గా పెట్టలేదు’ అంటారు. విప్పేటప్పుడు ఒక ఫొటో, అందిన టైము ఉంటే ఆ మాట అనలేరు.

మన ఊరికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. దర్శనానికి వచ్చి జ్వరం తగిలి పరీక్ష చేయించుకునేవాళ్ళు మర్నాడే రైలెక్కేస్తారు. ఫోన్ నంబరు అడిగితే లాడ్జిదో, ఆటో అతనిదో ఇస్తారు. తీరా వాళ్ళను వెతకాల్సి వస్తే ఎక్కడని వెతుకుతాం? సొంత నంబరు, సొంత ఊరు అడిగి రాసుకోండి. రోజువారీ రిజిస్టర్‌లో ప్రతి రన్ (ఒక విడత పరీక్షలు) పక్కన లాట్ నంబరు వేయండి. పేషెంటుకు, లాట్‌కు ముడి అక్కడే పడుతుంది.

మళ్ళీ పరీక్ష ఖర్చు ఎవరిదని వెనక వరసలోంచి అడుగుతున్నారు. పేషెంటుది మాత్రం కాదు. కిట్‌కు బదులు కిట్ ఇస్తామన్న మాటతో సరిపెట్టుకోకుండా, రీకాల్ అయితే తిరిగి చేసే పరీక్షల ఖర్చు కూడా భరిస్తామని డీలర్ చేత ముందే రాయించుకోండి. ఒక్కరు అడిగితే నవ్వుతారు. ఈ హాల్లో ఉన్నవాళ్ళంతా రేపు ఆర్డర్ పెట్టేటప్పుడు ఇదే అడగండి, ఏమంటారో చూద్దాం.