నికాన్ ఎఫ్2కు ఏ మీటర్ ఫైండర్ కొనాలి?

నమస్కారం. తిరుపతిలో పాత ఫిల్మ్ కెమెరాలు వాడే మిత్రులు కొందరు తరచూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు: మీటర్ లేని నికాన్ ఎఫ్2 బాడీ దొరికింది, దానికి ఏ మీటర్ ఫైండర్ (కెమెరా పైన బిగించే, వెలుతురును కొలిచే వ్యూఫైండర్) సరిపోతుంది? ఫైండర్ ధర చూసే ముందు మీ బీరువాలో ఉన్న లెన్సులు చూడండి, ఎందుకంటే ఏది కొనాలో తేల్చేవి అవే.

ఎఫ్2 1971లో వచ్చింది. దానికోసం తయారైన డీపీ-1, డీపీ-2, డీపీ-3 ఫైండర్లు లెన్సు ఎపర్చర్ రింగుపై బిగించిన ఈ రెండు చెవుల లోహపు ముక్కను పట్టుకోవడం ద్వారానే ఎపర్చర్‌ను, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం ఎంత తెరుచుకుందో, తెలుసుకుంటాయి. దగ్గరగా చూపిస్తున్నాను, ఫైండర్ నుంచి దిగే పిన్ను ఈ చెవుల మధ్య కూర్చోవాలి. లెన్సు ఎక్కించాక రింగును ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి తిప్పితేనే ఆ లెన్సు గరిష్ఠ ఎపర్చర్ ఎంతో ఫైండర్‌కు తెలుస్తుంది. 1977లో ఏఐ పద్ధతి (గరిష్ఠ ఎపర్చర్ ఎంతో రింగు తిప్పకుండానే కెమెరాకు తెలిసే ఏర్పాటు) వచ్చాక తయారైన డీపీ-11, డీపీ-12 మాత్రం ఈ చెవులతో పని లేకుండా రింగు వెనుక అంచున ఉన్న గట్టును ఆధారం చేసుకుంటాయి. కాబట్టి చెవులు లేని ఏఎఫ్-డి లెన్సు (తర్వాతి కాలపు ఆటోఫోకస్ లెన్సు) మీ దగ్గరుంటే డీపీ-1 కొనడం వృథా. అలాగే ఏఐకి మార్చని పాత లెన్సును డీపీ-11తో వాడితే, ప్రతిసారీ ఎపర్చర్ మూసి మీటర్ చూడవలసి వస్తుంది. చెవులూ గట్టూ రెండూ ఉన్న ఏఐ లెన్సులకు ఏ ఫైండరైనా పరవాలేదు.

డీపీ-12 నిస్సందేహంగా మేలైనది, మసక వెలుతురును కూడా కొలుస్తుంది. అయితే మన ఊళ్లో అంతటి మసక ఉండేది ఎక్కువగా గుడుల లోపల, అక్కడికి కెమెరాను ఎలాగూ రానివ్వరు! ఆరుబయట తీసేవారికి డీపీ-1, డీపీ-11లలోని మీటర్ ముల్లే నాకు నచ్చుతుంది. వెలుతురు ఎక్కువో తక్కువో చెప్పడంతో ఆగకుండా, సుమారుగా ఎంత తేడా ఉందో కూడా చూపిస్తుంది. ఇవన్నీ మధ్యలోని 12 మిల్లీమీటర్ల వలయానికి 60 శాతం ప్రాధాన్యం ఇస్తాయి కనుక, గోవిందరాజస్వామి గోపురాన్ని ఆకాశంతో కలిపి తీసేటప్పుడు ముందు కింది వీధి వైపు కొలిచి, ఆ తర్వాతే ఫ్రేమ్ సరిచేసుకోవాలి.

అంతకు ముందరి నికాన్ ఎఫ్‌కు ఈ ఫైండర్లు పనికిరావు. ఎఫ్2 ఫైండర్‌కు కరెంటు బాడీ అడుగున ఉండే రెండు ఎల్ఆర్44 బ్యాటరీల నుంచి అందుతుంది. వాచీ దుకాణాల్లో అవి సులభంగా దొరుకుతాయి. ఎఫ్ ఫైండర్లయితే 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీలను తమలోనే పెట్టుకునేవి. ఇప్పుడవి తయారు కావడం లేదు. వినికిడి యంత్రాల 675 బ్యాటరీని చిన్న రింగుతో అమర్చి వాడవచ్చు గానీ, స్టిక్కరు తీశాక అది కొన్ని వారాలే పనిచేస్తుంది.

కొనేటప్పుడు కెమెరాను ఒకే వెలుతురున్న గోడకు గురిపెట్టి ఎపర్చర్ రింగును మెల్లగా తిప్పండి. ముల్లున్న ఫైండరైతే ముల్లు జారినట్టు కదలాలి. ఎగిరెగిరి పడితే లోపలి కార్బన్ పూత అరిగిందని అర్థం, దాని మరమ్మతు కష్టం. ఫైండర్‌లోంచి చూస్తే కనబడే నల్లని చారలు ఫోటోలో పడవు కనుక వాటికి భయపడనక్కర్లేదు, ధర తగ్గించమని మాత్రం అడగవచ్చు. ఫైండర్‌ను విడిగా అమ్మేవారు "మీటర్ బాగానే ఉంది" అంటే, బాడీ లేకుండా దానికి కరెంటే అందదని గుర్తుంచుకుని, ఏదైనా ఎఫ్2 మీద బిగించి ముల్లు కదలడం వీడియో తీసి పంపమనండి.