కొండల మీదుగా మాట దాటించే తీగ: 7 మెగాహెర్ట్జ్ ఏరియల్ నమూనా, నిర్మాణం

[దృశ్యం: పర్లాకిమిడిలో ఒక ఇంటి పెరడు. గోడకు ఆనించిన వెదురు గడ. దూరంగా కొండల వరుస.]

పర్లాకిమిడి నుండి మీ అందరికీ నమస్కారం. మా ఊరికి ఈశాన్యంగా మహేంద్రగిరి 1501 మీటర్ల ఎత్తున ఉంది. చేతిలో ఇమిడే వాకీటాకీ 145 మెగాహెర్ట్జ్ దగ్గర పంపే తరంగం దాదాపు సరళరేఖలోనే ప్రయాణిస్తుంది కనుక, ఇటువంటి కొండ అడ్డుపడితే అవతలి లోయకు చేరడం కష్టం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు, కరెంటూ ఫోనూ లేని ఊళ్ల బాగోగులు తెలుసుకోవడం ఎంత కష్టమో ఇక్కడివారందరం చూశాము. అందుకే అమెచ్యూర్ రేడియోలో, అంటే లైసెన్సుతో అభిరుచిగా నడిపే రేడియోలో, మేము నేర్పే మొదటి ఏరియల్ 7 మెగాహెర్ట్జ్‌ది. ఇది కొండను చీల్చుకొని పోదు; తరంగాన్ని నిలువుగా పైకి పంపుతుంది. దాదాపు 300 కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనోవరణం (విద్యుదావేశం ఉన్న పైగాలి పొర) పగటివేళ దానిని తిప్పి కిందికి పంపితే, అది చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర కొండకు అటూ ఇటూ కూడా దిగుతుంది.

[దృశ్యం: నోటు పుస్తకంలో లెక్క.]

300ను మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే తరంగ దైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. మనం వాడబోయే 7.1 మెగాహెర్ట్జ్‌కి అది సుమారు 42 మీటర్లు. అందులో సగం పొడవున్న తీగను నడిమికి తెంచి, అక్కడ రేడియో నుండి వచ్చే కేబుల్ కలిపితే అది డైపోల్ అవుతుంది. తీగ కొసల ప్రభావం వల్ల అసలు పొడవు కొంత తగ్గుతుంది కాబట్టి, 143ను 7.1తో భాగించి 20.14 మీటర్లు, అంటే ఒక్కో చేతికి 10 మీటర్ల 7 సెంటీమీటర్లు తీసుకుంటాము.

ఇక్కడే గడ పాతడానికి తొందరపడవద్దు. ముందు కంప్యూటర్‌లో నమూనా తయారు చేయండి. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న నెక్ అనే గణన పద్ధతి మీద నడిచే ఫోర్‌నెక్‌టూ, ఈజీనెక్ అనే ప్రోగ్రాములు రెండూ ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. ఇవి తీగను చిన్న చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్కలో ప్రవహించే కరెంటును లెక్కగట్టి, ఆ తీగ ఏ దిక్కుకు, ఏ కోణంలో ఎంత ప్రసరిస్తుందో బొమ్మ గీసి చూపుతాయి.

[దృశ్యం: కంప్యూటర్ తెర. తిరగేసిన వి ఆకారంలో తీగ.]

మా పెరట్లో గడ ఒక్కటే ఉంది కనుక తీగను నడుమ ఎత్తి, రెండు కొసలను కిందికి వాలుస్తాము. నడిమి బిందువు ఎత్తు 9 మీటర్లు, కొసల ఎత్తు 3 మీటర్లు, గడ నుండి ఒక్కో కొసకు నేల మీద దూరం 8 మీటర్లు. తాపీమేస్త్రి గోడ మూల సరిచూడడానికి వాడే 3, 4, 5 కొలతే ఇది; 6 మీటర్ల దిగుడు, 8 మీటర్ల అడ్డం అయితే ఏటవాలు తీగ సరిగ్గా 10 మీటర్లు వస్తుంది. ఈ అంకెలనే నమూనాలోనూ ఇవ్వండి. కేబుల్ కలిసే చోట 40 సెంటీమీటర్ల చిన్న తీగను వేరుగా గీసి, చేతులలోని ముక్కలు కూడా సుమారు అంతే పొడవు ఉండేలా చూసుకుంటే లెక్క స్థిరంగా వస్తుంది.

నేల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. నేను మొదట వాడిన ప్రోగ్రాము మినీనెక్ అనే మరో గణన పద్ధతి మీద నడిచేది. తీగ నిరోధాన్ని లెక్కగట్టేటప్పుడు ఆ పద్ధతి నేలను పరిపూర్ణమైన లోహపు పలకలా భావిస్తుంది. తరంగ దైర్ఘ్యంలో ఐదో వంతు కంటే, అంటే మన తీగకు దాదాపు 8.4 మీటర్ల కంటే తక్కువ ఎత్తులో వేలాడే తీగకు అది ఇచ్చే అంకెలు నమ్మదగినవి కావు. సగటు నేలకు వాహకత్వం (కరెంటును పోనిచ్చే గుణం) మీటరుకు 0.005 సీమెన్స్ అనీ, డైఎలక్ట్రిక్ స్థిరాంకం (విద్యుత్ శక్తిని నిలుపుకునే గుణం) 13 అనీ ఇచ్చి, నెక్ మీద నడిచే ప్రోగ్రాములో తిరిగి లెక్కించిన తరువాతే నా తీగ తీరు నాకు అర్థమైంది.

ఇదే నమూనాలో కొసలు వాల్చకుండా నేలకు సమాంతరంగా తిన్నగా లాగిన డైపోల్‌ను 21 మీటర్ల ఎత్తుకు లేపి చూడండి. ప్రసరణ దాదాపు 30 డిగ్రీల కోణానికి వాలి, నడినెత్తిన దాదాపు శూన్యమవుతుంది. దూరదేశాలకు అది మేలు. పక్క జిల్లాతో మాట్లాడడానికి మాత్రం మన పొట్టి గడే నయం.

[దృశ్యం: వైరు కొలవడం, పీవీసీ పైపు ముక్కకు రంధ్రాలు వేయడం.]

సామాను సాధారణమైనదే. ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, ఇన్సులేటర్లకు పీవీసీ పైపు ముక్కలు, కట్టడానికి నైలాన్ తాడు, 50 ఓముల కేబుల్ చాలు. కేబుల్ పై అల్లిక మీదుగా కరెంటు ఇంట్లోకి రాకుండా, తీగ కలిసే చోటికి దగ్గరగా సుమారు 4.5 మీటర్ల కేబుల్‌ను 10 చుట్లు చుట్టి కట్టండి. అతుకు మీద వాన నీరు దిగకుండా టేపు గట్టిగా చుట్టండి.

లెక్క ప్రకారం కోసి గడ మీదికి ఎత్తినప్పుడు, ఏరియల్‌ను కొలిచే చిన్న నానోవీఎన్ఏ పరికరంలో స్టాండింగ్ వేవ్ రేషియో (ఏరియల్ నుండి ఎంత శక్తి వెనక్కి వస్తోందో తెలిపే కొలత; తక్కువైతే మేలు) గీత 7.1 దగ్గర కాక 6.85 దగ్గర లోయలా దిగింది. వైరు మీది ప్లాస్టిక్ తొడుగు తరంగాన్ని నెమ్మదింపజేస్తుంది. వాలుగా కట్టడం, నేల దగ్గరగా ఉండడం కూడా దానికి తోడవుతాయి. 20.14ను 6.85తో గుణించి 7.1తో భాగిస్తే 19.43 వస్తుంది, అంటే ఒక్కో చేతికి 35 సెంటీమీటర్లు తగ్గాలి. నేను ఒకేసారి కోయలేదు. మొదట 20 సెంటీమీటర్లు వెనక్కి మడిచి, కొలిచి, తరువాత మిగతాది మడిచాను. ఎక్కువ కోస్తే అతుకు తప్పదు. మడత అయితే విప్పుకోవచ్చు.

గడ పడిపోయినా కరెంటు తీగలకు తగలనంత దూరంలోనే పాతండి. ఉరుము వినబడడానికి ముందే కేబుల్‌ను రేడియో నుండి తీసి ఇంటి బయట ఉంచండి. ప్రసారం చేయడానికి కేంద్ర ప్రభుత్వపు అమెచ్యూర్ లైసెన్సు తప్పనిసరి. 12 ఏళ్లు నిండినవారు ఆ పరీక్షకు కూర్చోవచ్చు.

[దృశ్యం: ఉదయం. రేడియో నాబ్ తిప్పుతున్న చేయి.]

మడతలు సరిచేసిన మరునాడు ఉదయం, గరగరల నడుమ తెలుగులో ఒకరు తమ ఊళ్లో వాన పడుతోందని చెబుతున్న మాట స్పష్టంగా వినిపించింది. మా పెరట్లో మాత్రం ఎండ కాస్తోంది.