బయటి గ్రాఫిక్స్ కార్డు: ల్యాప్‌టాప్‌లోకి దారి ఎటు?

అందరికీ నమస్కారం.

బల్ల మీది సామాను చూస్తున్నారు కదా: ఒక ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్ కంప్యూటర్లలో వాడే గ్రాఫిక్స్ కార్డు, ఒక పవర్ సప్లై, అరచేతిలో పట్టే అడాప్టర్ బోర్డు, దాని నుంచి బయలుదేరిన పట్టీలాంటి కేబుల్. పైన పెట్టె లేదు, మెరిసే దీపాలు లేవు. ల్యాప్‌టాప్‌కు బయటి నుంచి బలమైన గ్రాఫిక్స్ కార్డు తగిలించే అమరిక ఇది. మరమ్మతుకని విప్పి మధ్యలో వదిలేసినట్టు కనబడుతుంది గానీ, పని మాత్రం చేస్తుంది. ఇలాంటిది తామూ అమర్చుకోవాలనుకునేవారు సాధారణంగా ముందు అడిగేది, "ఏ కార్డు కొనమంటారు?" అని. నేను తిరిగి అడిగేది, "మీ ల్యాప్‌టాప్‌లోకి దారి ఎటు నుంచి ఉంది?" అని. ఈ రోజు నా మాటల్లో ఎక్కువ భాగం ఆ దారి గురించే.

గ్రాఫిక్స్ కార్డుకు, ప్రాసెసర్‌కు మధ్య రాకపోకలు పీసీఐ ఎక్స్‌ప్రెస్ అనే ఏర్పాటు మీద సాగుతాయి. ల్యాప్‌టాప్‌లోని వైఫై కార్డుదీ, ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ అనే వేగవంతమైన నిల్వ డ్రైవ్‌దీ కూడా అదే ఏర్పాటు. స్లాట్ల ఆకారాలు వేరైనా లోపలి భాష ఒకటే. పైగా ఈ ప్రమాణం చాలా సర్దుకుపోయే రకం. పదహారు లేన్ల (అంటే డేటా నడిచే వరుసల) కోసం తయారైన కార్డుకు ఒక్క లేన్ మాత్రమే దొరికినా అది అలిగి కూర్చోదు. కరెంటు అందగానే రెండు కొసలూ ఎన్ని లేన్లు ఉన్నాయో, ఎంత వేగం తట్టుకోగలవో తేల్చుకుని, దానికి తగ్గట్టు పని మొదలుపెడతాయి. ఇంట్లో కూర్చే బయటి కార్డు, అంటే ఈజీపీయూ, నిలబడేది ఈ గుణం మీదే.

వేగాల లెక్క ఒకసారి చెప్పుకోవాలి, తర్వాత మాటలన్నీ దాని మీదే ఆధారపడతాయి. మొదటి తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో ఒక్కో లేన్ ఒక దిశలో సెకనుకు 250 మెగాబైట్లు మోస్తుంది. రెండో తరంలో 500, మూడో తరంలో సుమారు 985, నాలుగో తరంలో దాదాపు 1,970. డెస్క్‌టాప్‌లో మూడో తరం స్లాట్‌కు పదహారు లేన్లు ఉంటే సెకనుకు 15 గిగాబైట్లు దాటి పోతాయి. ల్యాప్‌టాప్‌లో మనకు చిక్కేది ఒక లేన్, లేదా నాలుగు.

ఒక లేన్ దారులు పాతవి. 2003లో వచ్చిన ఎక్స్‌ప్రెస్‌కార్డ్ స్లాట్ అలాంటిదే. అప్పటి ల్యాప్‌టాప్‌ల పక్కన కనిపించే ఆ సన్నని చీలిక చాలాకాలం ఈ ప్రయోగాలకు సింహద్వారం. మూత విప్పనక్కర్లేదు, స్లాట్‌లో అడాప్టర్ దూర్చితే చాలు. అది లేనివాళ్ళు అడుగు మూత తీసి, వైఫై కార్డు ఉండే మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌ను ఆశ్రయించారు. ఇక్కడో చిక్కుంది. కొందరు తయారీదారులు తాము ఆమోదించిన వైఫై కార్డులు తప్ప ఇంకేది కనిపించినా ల్యాప్‌టాప్ మొదలే కాకుండా బయోస్‌లో, అంటే యంత్రం ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రాంలో, కట్టడి పెట్టారు. కొన్నవాడి యంత్రంలో కొన్నవాడికే ప్రవేశం లేకపోవడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఈ రోజుల్లో ఇంటి పనికి అసలైన దారి ఎస్ఎస్‌డీ కూర్చునే ఎం.2 స్లాట్. 'ఎం కీ' అనే గాటు ఉన్న స్లాట్‌కు సాధారణంగా నాలుగు లేన్లు ఉంటాయి. అయితే చూడటానికి ఒకేలా ఉన్నా, కొన్ని ఎం.2 స్లాట్లకు సాటా (డ్రైవ్‌లకు వాడే పాత, వేరే ఏర్పాటు) తీగలు మాత్రమే వేసి ఉంటాయి. వాటిలో గ్రాఫిక్స్ కార్డు పనిచేయదు. ఎన్‌వీఎంఈ డ్రైవ్ పనిచేసే స్లాట్ అయితేనే ముందుకు వెళ్ళండి. ఉన్నది ఒక్కటే స్లాట్ అయితే, అందులోని ఎస్ఎస్‌డీని ఖాళీ చేయించి ఆపరేటింగ్ సిస్టమ్‌ను సాటా డ్రైవ్‌కో, యూఎస్‌బీ డ్రైవ్‌కో మార్చాలి. ఈ బదిలీ కుదరకే చాలామంది ప్రయత్నం మధ్యలో ఆగిపోతుంది.

పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ను కేబుల్ మీద బయటికి తెచ్చే థండర్‌బోల్ట్ పోర్టు సంగతి చాలామందికి తెలిసిందే. 2011లో మొదటిది, 2013లో రెండోది, 2015లో సెకనుకు 40 గిగాబిట్ల మూడోది వచ్చాయి. అందమైన పెట్టె, ఒకటే కేబుల్, నడుస్తుండగానే తగిలించే వీలు, దానితోనే ల్యాప్‌టాప్ ఛార్జింగ్ కూడా. కాదనను, సుఖమైన పద్ధతి. కానీ ఆ 40లో గ్రాఫిక్స్ కార్డు డేటాకు నిజంగా దక్కేది సుమారు 22 గిగాబిట్లు, అంటే ఎనిమిది బిట్లు ఒక బైటు చొప్పున సెకనుకు రెండున్నర గిగాబైట్ల కంటే కొంచెం ఎక్కువ. మూడో తరం ఎం.2 నాలుగు లేన్లు కాగితం మీద 3.9 గిగాబైట్లు ఇస్తాయి, మధ్యలో డేటాను మూటకట్టి విప్పే కంట్రోలర్ కూడా ఉండదు. కాబట్టి సరంజామా అంతా బయటికి కనిపించే ఈ అమరికే, ఆ నునుపైన పెట్టె కంటే వేగంగా నడిచే అవకాశం ఉంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ను నేరుగా బయటికిచ్చే ఓక్యులింక్ పోర్టు, అదీ నాలుగో తరంది, ఉన్న యంత్రమైతే నాలుగు లేన్ల మీద 64 గిగాబిట్లు. అంత దారి ఉన్నవాళ్ళు అదృష్టవంతులు.

ఒక హెచ్చరిక. యూఎస్‌బీ-సీ ఆకారంలో ఉన్న ప్రతి రంధ్రమూ థండర్‌బోల్ట్ కాదు. మామూలు యూఎస్‌బీ పోర్టు పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ను మోయదు. క్రిప్టో మైనింగ్ రైజర్లలో (కార్డును మదర్‌బోర్డుకు దూరంగా పెట్టే పొడిగింపు పరికరాల్లో) కార్డుకూ స్లాట్‌కూ మధ్య యూఎస్‌బీ 3 కేబుల్ కనిపిస్తుంది, కానీ అందులో ప్రవహించేది యూఎస్‌బీ సంకేతం కాదు, తీగను అరువు తెచ్చుకున్నారంతే. ఆ కొసను ల్యాప్‌టాప్ యూఎస్‌బీలో పెడితే కార్డు రాదు సరికదా, పోర్టుకే ప్రమాదం. హెచ్‌డీఎంఐ పోర్టులోంచి కార్డును లోపలికి తేవచ్చా అనేది మరో తరచు ప్రశ్న. అది బొమ్మ బయటికి పోయే ద్వారం, అంతే.

దారి ఇరుకైతే నష్టం ఎంత? ఇది కార్డు పేరు చెబితే తేలదు, పనిని బట్టి ఉంటుంది. మానిటర్‌ను నేరుగా గ్రాఫిక్స్ కార్డుకే తగిలించారనుకోండి, తయారైన బొమ్మ అటు నుంచి అటే పోతుంది. అలా కాక ల్యాప్‌టాప్ సొంత తెర మీదే చూడాలంటే, ప్రతి ఫ్రేమూ, అంటే తెర మీది ప్రతి బొమ్మా, అదే కేబుల్ మీద వెనక్కి రావాలి. 1920 × 1080 తెరలో ఒక్కో పిక్సెల్‌కు నాలుగు బైట్లు వేసుకుంటే ఒక ఫ్రేమ్ 8.3 మెగాబైట్లు. సెకనుకు 60 ఫ్రేములంటే 498 మెగాబైట్లు. రెండో తరం ఒక్క లేన్‌లో తిరుగుదారి మొత్తం ఎంత? 500. కాగితం లెక్కకే నిండిపోయింది, ప్యాకెట్ల ఖర్చు కలిపితే చాలదు. మొదటి తరమైతే 30 ఫ్రేముల దగ్గరే ఊపిరి ఆడదు. అందుకే ఒక లేన్ ఉన్నవారు బయటి మానిటర్ లేకుండా ఈ పనికి దిగవద్దని గట్టిగా చెబుతాను.

గేముల్లో మరో విచిత్రం. సెకనుకు ఫ్రేములు ఎంత ఎక్కువ కావాలంటే కేబుల్ మీద రాకపోకలు అంత పెరుగుతాయి. రిజల్యూషన్ పెంచితే మాత్రం భారం ఎక్కువగా కార్డు మీదే పడుతుంది. అంచేత తక్కువ రిజల్యూషన్‌లో వందల ఫ్రేములు ఆశించేవారికి నష్టం ఎక్కువ కనిపిస్తుంది, పెద్ద తెర మీద 60 ఫ్రేములతో తృప్తిపడేవారికి తక్కువ. త్రీడీ రెండరింగ్, కృత్రిమ మేధ భాషా నమూనాలు నడపడం లాంటి పనుల్లో డేటా ఒకసారి కార్డు మెమరీలోకి చేరితే తర్వాత కేబుల్‌కు పెద్దగా పని ఉండదు. 12 గిగాబైట్ల నమూనా మూడో తరం ఒక లేన్ మీద ఎక్కడానికి పన్నెండు సెకన్లకు పైగా పడుతుంది, ఆ తర్వాత డెస్క్‌టాప్‌కు దగ్గరగానే నడుస్తుంది. నన్నడిగితే ఈజీపీయూకు ఇప్పుడు అన్నిటికన్నా బాగా అతికే ఉపయోగం ఇదే, గేములు కావు.

ఇక కరెంటు. స్లాట్ ద్వారా కార్డుకు అందవలసింది 75 వాట్ల వరకు, ఆరు పిన్నుల కనెక్టర్ మరో 75, ఎనిమిది పిన్నులది 150. వీటిలో ఒక్క వాటు కూడా ల్యాప్‌టాప్ నుంచి ఆశించకూడదు, అంతా బయటి పవర్ సప్లై ఇవ్వాలి. మదర్‌బోర్డు లేకుండా పవర్ సప్లై తనంతట తాను మొదలవదు. 24 పిన్నుల కనెక్టర్‌లోని పచ్చ తీగను నల్ల తీగతో కలిపితే మొదలవుతుంది. చాలా అడాప్టర్ బోర్డులు ఆ పని అవే చేస్తాయి. జాగ్రత్తపడాల్సింది వేరే చోట. ప్రాసెసర్‌కు పోయే ఎనిమిది పిన్నుల కనెక్టరూ, గ్రాఫిక్స్ కార్డుకు పోయే ఎనిమిది పిన్నుల కనెక్టరూ అన్నదమ్ముల్లా ఉంటాయి, కానీ 12 వోల్టులు, గ్రౌండు తారుమారు. బలవంతంగా నొక్కితే కార్డు కాలిపోతుంది. అలాగే సాటా పవర్ కనెక్టర్‌కు 12 వోల్టుల మీద 54 వాట్లే హద్దు, దానితో స్లాట్‌కు 75 వాట్లు ఇప్పించాలని చూస్తే ప్లాస్టిక్ కరుగుతుంది. ఖరీదైన కార్డు కొని ఇలాంటి చోట చౌక కన్వర్టర్ వాడటం ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టే.

తగిలించే వరుస కూడా ముఖ్యం. ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసి, మూత విప్పగానే బ్యాటరీ కనెక్టర్ వేరు చేసి, అప్పుడు అడాప్టర్ పెట్టండి. బ్యాటరీ తిరిగి కలిపాక ముందు కార్డుకు కరెంటు, తర్వాత ల్యాప్‌టాప్. బయోస్ పరికరాలను లెక్కపెట్టే క్షణానికి కార్డు సిద్ధంగా ఉండాలి. ఆలస్యమైతే కార్డు లేనట్టే లెక్క. కొన్ని అడాప్టర్ బోర్డుల మీద కనిపించే చిన్న స్విచ్‌లు ఈ సమయాన్ని సర్దడానికే. ఎం.2 కేబుల్‌ను మాత్రం యంత్రం నడుస్తుండగా పీకవద్దు.

కార్డు కనిపించాక వచ్చే తలనొప్పి విండోస్‌లో కోడ్ 12 అనే లోపం. చాలినన్ని వనరులు లేవని దాని అర్థం. ఇక్కడ వనరులంటే మెమరీ చిరునామాలు. గ్రాఫిక్స్ కార్డు తన కోసం 256 మెగాబైట్ల వంటి పెద్ద చిరునామా ఖండాన్ని అడుగుతుంది. పాత బయోస్‌లు అన్ని పరికరాలనూ 4 గిగాబైట్ల లోపు చిరునామాల్లోనే సర్దాలని చూస్తాయి, అక్కడ చోటుండదు. బయోస్‌లో 4 గిగాబైట్ల పైన చిరునామాలకు అనుమతించే ఎంపిక ఉంటే ఆన్ చేయండి. లేకపోతే వాడని పరికరాలను, ముఖ్యంగా ల్యాప్‌టాప్‌లోనే విడిగా ఉన్న గ్రాఫిక్స్ చిప్‌ను, బయోస్‌లో ఆపి చూడండి. లినక్స్‌లో కెర్నల్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగానికి, పీసీఐ వనరులు మళ్ళీ పంచమని చెప్పే ఐచ్ఛికం ఉంది, చాలాసార్లు అదే గట్టెక్కిస్తుంది. మాక్ వాడేవారికి ఒక్క మాట: 2018లో మాక్‌ఓఎస్ 10.13.4తో బయటి కార్డులకు వచ్చిన అధికారిక మద్దతు ఇంటెల్ మాక్‌లకే పరిమితం. ఆపిల్ సొంత చిప్‌ల యంత్రాల్లో అది లేదు.

అన్నీ సరిగా ఉండి కూడా మధ్యమధ్య తెర నల్లబడితే, డ్రైవర్‌ను పదేపదే మార్చే ముందు కేబుల్‌ను అనుమానించండి. మూడో, నాలుగో తరం వేగాలకు పొడుగు కేబుల్, అదనపు కనెక్టర్ రెండూ శత్రువులే. బయోస్‌లో ఆ స్లాట్ వేగాన్ని ఒక తరం తగ్గించి చూడండి. తగ్గించగానే కుదురుకుంటే కారణం దొరికినట్టే. వేగాన్ని జీపీయూ-జెడ్ వంటి ప్రోగ్రాంలో చూసేటప్పుడు కార్డుకు పని ఇచ్చి చూడాలి. ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు పొదుపు కోసం అదే మొదటి తరానికి దిగిపోతుంది, దాన్ని చూసి కంగారు పడేవాళ్ళు కోకొల్లలు.

ఇంత చెప్పాక, అందరినీ చేయమంటానా? కార్డు, పవర్ సప్లై, మానిటర్ అన్నీ కొత్తగా కొనాల్సివస్తే, ఆ డబ్బుకు మరికొంత కలిపి డెస్క్‌టాప్ కట్టుకోండి. తక్కువ వాట్ల రెండు కోర్ల ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌కు బలమైన కార్డు తగిలిస్తే ఆ కార్డు సగం సేపు ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తూ గడుపుతుంది. మధ్యస్థమైన కార్డు ఒకటి వాడకుండా పడి ఉండి, ఖాళీ ఎం.2 స్లాట్ కూడా ఉందంటే, ఒక సెలవు రోజు దీనికి కేటాయించవచ్చు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. అడిగేవారు ల్యాప్‌టాప్ మోడల్‌తో పాటు అందులో ఏ స్లాట్ ఖాళీగా ఉందో కూడా చెప్పండి.