విటిక్ మానర్ లోపల, పెడన అచ్చులు గుర్తొచ్చిన రోజు

అందరికీ నమస్తే అండి. మా మేనత్త ఎప్పటినుంచో అడుగుతోంది, "ఎప్పుడూ మాల్సేనా, అక్కడి పాత ఇల్లొకటి లోపలికెళ్ళి చూపించు" అని. అందుకే ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్‌లో ఉన్న ఈ ఇంటికి వచ్చాం. స్పెల్లింగ్ చూస్తే వైట్‌విక్ అనాలనిపిస్తుంది, ఇక్కడివాళ్ళు మాత్రం విటిక్ అంటారు.

తెల్ల గోడల మీద ఆ నల్ల దూలాలు, ఎత్తైన ఇటుక పొగగొట్టాలు చూడండి, నాలుగు వందల ఏళ్ళ నాటిదేమో అనిపిస్తుంది కదా? కాదండి. థియోడర్ మాండర్ అనే రంగులు, వార్నిష్‌ల వ్యాపారి 1887లో కట్టించుకుని, 1893లో పెంచారు. ఆర్కిటెక్ట్ ఎడ్వర్డ్ ఔల్డ్. ఫ్యాక్టరీలతో సంపాదించినవాళ్ళే ఇంటికి మాత్రం పాతకాలపు చేతిపని కావాలనుకున్న రోజులవి. అయినా లోపల కరెంటు దీపాలు అప్పుడే పెట్టించారు.

వీడియో చీకటిగా ఉంటే ఏమనుకోకండి. ఎండకి గుడ్డలు, వాల్‌పేపర్లు వెలిసిపోతాయని కిటికీల తెరలు సగం దించే ఉంచుతారు.

ఇదిగో, ఈ గోడ దగ్గరే నేను ఆగిపోయాను. పూలు, తీగల డిజైన్లకి పేరుపడ్డ ఇంగ్లిష్ డిజైనర్ విలియం మోరిస్ కంపెనీ వాల్‌పేపర్. చెక్క అచ్చులతో, ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు, చేత్తో అద్దేవారు. పెడనలో మా తాతయ్య చేసింది అదే పని. బల్ల మీద గుడ్డ పరిచి, అచ్చు ఆనించి, పిడికిలితో ఆ అచ్చు వీపు మీద ఒక్క దెబ్బ వేసేవారు. ఆ చప్పుడుకే మేం నిద్ర లేచేవాళ్ళం. ఇక్కడ కూడా తీగ డిజైన్‌లో ఒక అచ్చుకీ ఇంకో అచ్చుకీ మధ్య అతుకు ఎక్కడుందో ముక్కు ఆనించి వెతికితే గానీ దొరకలేదు.

మధ్యలో రెండు టీలు, ఒక స్కోన్ (బన్ను లాంటిది). తొమ్మిది పౌండ్లు, అంటే వెయ్యి రూపాయల పైనే!

1937లో ఈ ఇంటిని థియోడర్ కొడుకు జెఫ్రీ మాండర్, పాత ఇళ్ళని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి ఇచ్చేశారు. అప్పటికి దీనికి యాభై ఏళ్ళే. ఇప్పుడిది గ్రేడ్ 1 ఇల్లు, అంటే కాపాడాల్సిన కట్టడాల ప్రభుత్వ లిస్టులో పై వరసలో ఉన్నది. ఇలా లిస్టులోకెక్కిన ఇల్లు మన సొంతమే అయినా, అనుమతి లేకుండా దాని రూపు మార్చేస్తే నేరం. మా మండువా ఇల్లు పడగొట్టినప్పుడు దానికి తొంభై దాటాయి, నేను ఇక్కడ కూర్చుని వాట్సాప్‌లో చూశాను. పెద్ద ద్వారబంధం లారీ ఎక్కించేటప్పుడు ఫోన్ పక్కన పెట్టేశాను.

అత్తయ్యా, తాతయ్య అచ్చులు నీ అటక మీద ఇంకా ఉంటే, ఒకసారి దింపి ఫొటో తీసి పంపవా?