ట్యాక్స్ రిటర్న్‌కు డబ్బు కట్టాలా? ప్రభుత్వ పోర్టల్, ప్రైవేట్ సైట్లు: ఏది ఎవరికి?

అందరికీ నమస్కారం. నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాను. జీతం, కోసిన ట్యాక్స్ వివరాలుండే ఫారం 16 చేతికి రాగానే మన టీచర్లు, ఉద్యోగులు, పెన్షన్ తీసుకునే పెద్దవాళ్లు అందరూ అడిగేది ఒకటే: రిటర్న్ ప్రభుత్వ పోర్టల్‌లో మనమే వేసుకోవచ్చా, లేక డబ్బు కట్టి ప్రైవేట్ సైట్‌లో వేయాలా?

సూటిగా చెప్తాను. జీతమో పెన్షనో, దానికి తోడు బ్యాంకు వడ్డీ, ఇంతవరకే మీ ఆదాయమైతే ఒక్క రూపాయి ఖర్చు పెట్టకండి. ప్రభుత్వ పోర్టల్ చాలు.

ఈ పోర్టల్ 2021 జూన్‌లో వచ్చింది. మొదట్లో బాగా మొరాయించింది, ఆ చెడ్డపేరు ఇంకా పోలేదు. ఇప్పుడు పరిస్థితి వేరు. పాన్‌తో లాగిన్ అయితే జీతం, కోత పెట్టిన ట్యాక్స్, బ్యాంకు వడ్డీ చాలావరకు నింపే ఉంటాయి. మీ పని వాటిని ఫారం 16తో, మీ ఏడాది ఆదాయ వివరాలు శాఖ చూపించే పట్టిక అయిన ఏఐఎస్‌తో పోల్చి చూసుకోవడం. గడువు చివరి రోజుల్లో మాత్రం సైట్ నెమ్మదిస్తుంది, అప్పటిదాకా ఆగకండి.

ఇక్కడ ఒక చోట ఆగి చూడండి. ఫారం మొదట్లోనే ఒక ప్రశ్న ఉంటుంది: కొత్త పన్ను విధానం నుంచి బయటికి వస్తున్నారా అని. చాలామంది చదవకుండా 'నో' మీదే వదిలేస్తారు. 'నో' అంటే కొత్త విధానంలోనే ఉన్నట్టు. అప్పుడు ఇంటి అద్దె భత్యమైన హెచ్‌ఆర్‌ఏ, ఎల్‌ఐసీ, జీపీఎఫ్ (ఉద్యోగుల పొదుపు నిధి) మినహాయింపులు లెక్కలోకి రావు. ఫిబ్రవరి జీతం బిల్లుకు మీరు పాత విధానంలో లెక్క ఇచ్చి, అదే కొనసాగించాలనుకుంటే ఇక్కడ 'ఎస్' పెట్టాలి. ఈ ఒక్క క్లిక్కుతో వేల రూపాయల తేడా వస్తుంది. ప్రైవేట్ సైట్లు చాలావరకు రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపిస్తాయి. వాటిలో నాకు నిజంగా నచ్చింది ఇదే. అయితే ఆదాయపన్ను శాఖ సైట్‌లో కూడా ట్యాక్స్ క్యాలిక్యులేటర్ ఉంది. రెండు విధానాలూ అందులో ముందే పోల్చుకోవచ్చు, ఉచితంగానే.

రెండోది, ఎరియర్స్. పీఆర్సీ బకాయిలో, డీఏ బకాయిలో ఒకేసారి పడితే సెక్షన్ 89 కింద ట్యాక్స్‌లో రిలీఫ్ వస్తుంది. దానికి రిటర్న్ కంటే ముందు ఫారం 10ఈ వేయాలి. అది పోర్టల్‌లోనే ఉంటుంది, ఫీజు లేదు. 10ఈ వేయకుండా రిటర్న్‌లో రిలీఫ్ చూపిస్తే దాన్ని కొట్టేసి కట్టమని నోటీసు పంపుతారు.

ఇక పొలం సంగతి. మన దగ్గర ఉద్యోగం చేస్తూ బత్తాయి తోటో వరి పొలమో ఉన్నవాళ్లు చాలామంది. వ్యవసాయ ఆదాయం మీద నేరుగా ట్యాక్స్ లేదు కాబట్టి రాయనక్కర్లేదు అనుకుంటారు. రాయాలి. ఏడాదికి 5,000 రూపాయలు దాటితే ఐటీఆర్-1 అనే చిన్న రిటర్న్ ఫారం పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. 5 లక్షలు దాటితే భూమి ఏ జిల్లాలో ఉంది, ఎన్ని ఎకరాలు, సొంతమా కౌలా, నీటి వసతి ఉందా, వర్షాధారమా అన్నీ నింపాలి. ఐటీఆర్-2 కూడా పోర్టల్‌లో ఉచితమే. కాస్త ఓపిక కావాలి, అంతే.

మరి డబ్బు ఎవరు కట్టాలి? షేర్లు తరచుగా కొని అమ్మేవాళ్లు, ముఖ్యంగా ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్) చేసేవాళ్లు. బ్రోకర్ నుంచి లావాదేవీలు తెచ్చుకుని లెక్క కట్టే సదుపాయం క్లియర్‌ట్యాక్స్, క్విక్కో లాంటి వాటిలో ఉంది. వందల ఎంట్రీలు చేత్తో కొట్టే కష్టం తప్పుతుంది. ఆ సుఖానికి ఫీజు ఇవ్వడం న్యాయమే. కానీ మీ పాన్, జీతం, బ్యాంకు వివరాలు వాళ్ల చేతికి వెళ్తాయి, కాబట్టి ఆదాయపన్ను శాఖ దగ్గర, రిటర్న్‌లు వేసిపెట్టే గుర్తింపు ఉన్న ఈఆర్‌ఐగా నమోదైన సంస్థేనా అని చూసుకోండి.

ఏ సాఫ్ట్‌వేరూ తీర్చలేని సమస్య ఒకటుంది. జీతంలో ట్యాక్స్ కోత పడినా, డీడీఓ (మీ జీతం బిల్లు చేసే అధికారి) మూడు నెలలకోసారి వేయాల్సిన 24క్యూ అనే ట్యాక్స్ కోత లెక్క వేయకపోతే ఆ డబ్బు, మీ ట్యాక్స్ జమ వివరాల పట్టిక అయిన 26ఏఎస్‌లో మీ పేరు మీద కనిపించదు. ఎంత ఫీజు కట్టినా లాభం లేదు, ఆఫీసుకు వెళ్లి అడగాల్సిందే. రిటర్న్ మొదలుపెట్టే ముందే 26ఏఎస్ తెరవండి.

నాకు కోపం తెప్పించేది మాత్రం "రీఫండ్ తెప్పిస్తాం, అందులో మాకు ఇంత శాతం" అనేవాళ్లు. లేని విరాళాలు, లేని ఇంటి అద్దె పెట్టేస్తారు. 2025 జూలైలో ఆదాయపన్ను శాఖ ఇలాంటి మధ్యవర్తుల మీద దేశంలో చాలాచోట్ల తనిఖీలు చేసింది. నోటీసు వచ్చేది వాళ్లకు కాదు, మీకు. తప్పుడు లెక్క అని తేలితే ఎగ్గొట్టిన ట్యాక్స్ మీద 200 శాతం జరిమానా పడొచ్చు, వడ్డీ వేరే. దయచేసి మీ లాగిన్ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి.

రిటర్న్ పంపాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో వెరిఫై చేయడం మర్చిపోవద్దు. అది కాకపోతే రిటర్న్ వేసినట్టే లెక్క కాదు. రీఫండ్ పడాల్సిన బ్యాంకు ఖాతాను కూడా పోర్టల్‌లో ముందే వ్యాలిడేట్ చేయించుకోండి. ఎక్కడైనా ఆగిపోతే 1800 103 0025కి ఫోన్ చేయండి, ఉచితమే. ఫారం 10ఈ ఒక్కో గడీ ఎలా నింపాలో తర్వాతి వీడియోలో స్క్రీన్ మీద చూపిస్తాను. మీకు ఏ ఏడాది ఎరియర్స్ పడ్డాయో కింద రాయండి, పాన్ నంబర్ మాత్రం రాయొద్దు.